బాణం దగ్గర ఆగిన సంతకం

నరసింహ సొరుగులో పసుప్పచ్చ బాణం స్టిక్కర్ల పెట్టె ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో ఉప్పు నిండుకోవచ్చు, కందిపప్పు నిండుకోవచ్చు, బాణాలు మాత్రం నిండుకోవు. వేలెడంత కాగితం ముక్క, ఒక చివర జిగురు, మధ్యలో ఇంగ్లీషులో 'ఇక్కడ సంతకం' అని అచ్చు. అమెరికా వచ్చిన ఇరవై ఏళ్ళలో ఆయన భార్య రేణు అలాంటి బాణాల పక్కన పెట్టినన్ని సంతకాలు మండలాఫీసులో గుమాస్తా కూడా పెట్టి ఉండడు. వీసాకి పెట్టింది, వీసా పొడిగింపుకి పెట్టింది, పొడిగింపు మీద పొడిగింపుకీ పెట్టింది. గ్రీన్‌కార్డుకి, ఇంటి లోనుకి, కూతురు తన్వి స్కూలుకి, ఆఖరికి సిటిజన్‌షిప్‌కి కూడా. బాణం ఎక్కడుంటే అక్కడ పెన్ను ఆనించడం, "అయిందండీ" అనడం. ఆమె వంతు అంతే.

నరసింహని తప్పు పట్టే ముందు ఆయన వైపు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పాపం. సూర్యాపేట మనిషి, డేటాబేస్‌ల ఉద్యోగం, కాయితం మీద ఒక్క కామా తప్పు పోయినా ఆయనకి అన్నం దిగదు. ఒక గడి తప్పు నింపినందుకు, 'ఇంకా రుజువులు పంపండి' అని ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉత్తరమొచ్చి, నెలల తరబడి దిగులుతో గడిపిన ఇళ్ళు వాళ్ళుండే శాన్ రామన్‌లో వీధికి రెండయినా ఉంటాయి. నరసింహ ఇంటికి అలాంటి ఉత్తరం ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఆ మాట ఆయన పుట్టినరోజు పార్టీల్లో ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి, ముందున్నవాళ్ళకీ వెనకున్నవాళ్ళకీ చెబుతాడు. చెప్పుకోనివ్వండి. ఆ ఇంటిని ఈ దేశంలో నిలబెట్టింది ఆయన బాల్‌పెన్నే.

అయితే ఆ ఫారాలన్నిటిలోనూ రేణు పేరు పక్కన ఒకటే మాట: డిపెండెంట్. ఖమ్మంలో పెళ్ళికి ముందు మూడేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి ఆమె. ఎనిమిదో తరగతి పిల్లలకి ఓటు హక్కు పాఠం చెప్పి, క్లాసులో ఉత్తుత్తి ఎన్నికలు జరిపించిన మనిషి. ఇక్కడికొచ్చాక పదేళ్ళకు పైగా పని చేసేందుకు అనుమతే లేదు. ఆ అనుమతి కార్డు చేతికొచ్చిన నెలలోనే వెళ్ళి దగ్గర్లోని ఎలిమెంటరీ స్కూల్లో చేరింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల పక్కన కూర్చుని చదువులో, ఆటలో, అన్నం తినడంలో తోడుండే పని. దాన్ని ఇక్కడ పారా ఎడ్యుకేటర్ అంటారు. తొమ్మిదేళ్ళుగా అదే పని, అదే స్కూలు. అక్కడ ఆమెని డిపెండెంట్ అన్నవాళ్ళు లేరు.

ఆ ఏడాది వసంతంలో ఇద్దరూ చెయ్యెత్తి ప్రమాణం చేసి ఈ దేశ పౌరులయ్యారు. ఆ ఏడాదే అధ్యక్ష ఎన్నికలు. అక్టోబరులో ఒక శుక్రవారం ఇద్దరి పేరునా రెండు లావు కవర్లు పోస్టులో వచ్చాయి. కాలిఫోర్నియాలో ఓటు కాగితం ఇంటికే వస్తుంది. నింపి, కవర్లో పెట్టి, కవరు మీద సంతకం చేసి పోస్టులోనో, ఊళ్ళో పెట్టిన బ్యాలెట్ డబ్బాలోనో వేస్తే చాలు. నరసింహకి ఇంతకంటే ఇష్టమైన పని ఇంకొకటి ఉంటుందా? ఇది ఫారం!

శనివారం పొద్దున రేణు కూరగాయలకి వెళ్ళొచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద ఆయన లాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో ఎక్సెల్ షీట్. అధ్యక్షుడి నుంచి స్కూల్ బోర్డు మెంబరు దాకా ఎవరెవరికి వేయాలో, కొత్త చట్టాల గురించి రాష్ట్రం ఓటర్లని అడిగిన ప్రశ్నల్లో దేనికి అవునో దేనికి కాదో, రంగులు వేసి మరీ పెట్టుకున్నాడు. సగం వాట్సాప్ గ్రూపులో వచ్చింది, సగం సొంత పరిశోధన. ఆయన ఓటు నింపడం అయిపోయింది. రేణుది కూడా అయిపోయింది. నల్ల సిరాతో ఒక్కో గుండ్రం అంచు దాటకుండా, ముగ్గు చుక్క పెట్టినంత శ్రద్ధగా నింపి, కవరు మీద సంతకం చోట పసుప్పచ్చ బాణం అంటించి, పక్కన పెన్ను మూత తీసి పెట్టాడు.

"రేణూ, ఒక సంతకం. డబ్బాల ఏసి వస్త," అన్నాడు.

రేణు కొత్తిమీర కట్ట సింకులో పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చింది. పెన్ను తీసుకుంది. ఇరవై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే బాణం దగ్గరికి వెళ్ళింది. ఆ పూట కళ్ళజోడు తల మీద కాకుండా ముక్కు మీద ఉంది, అదే తేడా. సంతకం గీతకి పైన ఉన్న రెండు వాక్యాలు కంటబడ్డాయి. ఈ కవరు మీద పేరున్న ఓటరును నేనే, ఇది అబద్ధమైతే శిక్షకి లోబడతాను అని వాటి తాత్పర్యం. ఆమె పెన్ను ఆగింది.

"ఏందే, పెన్ను పడ్తలేదా?"

"పడ్తది."

"మరి?"

"ఇక్కడ ఏం రాసున్నదో చూసిన్రా?"

"ఏదో డిక్లరేషన్. అన్నిట్ల ఉంటది."

"ఓటరును నేనే అని ప్రమాణం చేయమంటున్నది."

"నువ్వే గదా! పేరు నీది, అడ్రస్ నీది."

"ఓటు?"

నరసింహకి నిజంగానే ప్రశ్న అర్థం కాలేదు. "నేను గాకపోతే ఎవరు నింపుతరు? ఇరవై ఏండ్ల సంది ఎవరు నింపిన్రు?" అన్నాడు, కోపంగా కాదు, నొచ్చుకున్నట్టుగా.

"అవన్నీ మీరు నింపొచ్చు. నా పుట్టిన తేదీ మీకు తెలుసు, పాస్‌పోర్ట్ నంబర్ మీకు తెలుసు. ఇది మీకెట్ల తెలుస్తది?"

"సరే, నీకు తెలుసు గదా. చెప్పు, ప్రెసిడెంట్‌గ ఎవరికి ఏద్దామనుకుంటున్నవ్?"

ఇక్కడ రేణు దొరికిపోయింది. ఆమెకి తెలియదు. టీవీలో ఇద్దరి మొహాలూ చూసింది, ఇద్దరి మీదా వచ్చిన జోకులు చూసింది, గ్రూపులో పొద్దున్నే వచ్చే తిట్లు చూసింది. ఇద్దరిలో ఎవరు కావాలని తనని ఎవరూ అడగలేదు, తనని తాను కూడా అడగలేదు. ఆమె మొహం ఎర్రబడింది. సోషల్ టీచర్ని, పౌరురాల్ని, ఇంత పెద్ద ప్రశ్నకి జవాబు లేకుండా పెన్ను పట్టుకుని నిలబడ్డానే అని సిగ్గేసింది.

సోఫాలోంచి తన్వి తల ఎత్తింది. దానికి పదిహేడేళ్ళు, ఓటుకి ఇంకా ఏడు నెలలు తక్కువ. "డాడీ, దట్స్ నాట్ ఈవెన్ లీగల్," అంది. "ఈ ఇంట్లో ఇక్కడ పుట్టింది నేను ఒక్కదాన్ని, వోట్ లేంది నాకు ఒక్కదానికే. మమ్మీకి ఉంది. మమ్మీ వోట్ మమ్మీ వేస్తది."

"ఎట్లేస్తది, తెల్వదంటున్నది గదా," అన్నాడు నరసింహ.

"తెల్వదు," అంది రేణు. "తెలుసుకుంట." పెన్ను మూత పెట్టేసింది.

ఆ మూత చప్పుడు ఆ ఇంట్లో అంతకు ముందెప్పుడూ వినబడలేదు. నరసింహ తన కవరు తాను తీసుకుని బయటికి వెళ్ళాడు. రేణు కవరు వంటింటి గట్టు మీద అరటిపళ్ళ పక్కన ఉండిపోయింది, బాణంతో సహా.

ఒక్క మాట చెప్పాలి. అప్పటిదాకా రేణు జన్మలో ఒక్కసారే ఓటు వేసింది, ఖమ్మంలో, ఇరవై రెండేళ్ళప్పుడు. ఆ రోజు ఇంట్లో ఆరుగురూ ఒకే ఆటోలో వెళ్ళి, నాన్న చెప్పిన గుర్తు మీద గుద్ది, తిరిగొస్తూ మిరపకాయ బజ్జీలు తిన్నారు. బజ్జీల రుచి ఆమెకి ఇప్పటికీ జ్ఞాపకం. అభ్యర్థి పేరు ఎంత గింజుకున్నా గుర్తు రాదు. అంటే లెక్క ప్రకారం ఆ ఓటు కూడా ఆమెది కాదు. నలభై ఆరేళ్ళు వచ్చాయి, తన ఓటు తాను ఇంకా వేయనే లేదు. ఈ సంగతి ఆ శనివారం మధ్యాహ్నం కొత్తిమీర తరుగుతుంటే తట్టింది. అప్పట్నుంచి ఆ కవరు ఆమెకి గొంతులో ముల్లయింది.

మర్నాడు పొద్దున ఉమతో వాకింగ్‌లో ఈ మాటే ఎత్తింది. ఉమది గుడివాడ, మొగుడు రఘుతో రెండిళ్ళ అవతల ఉంటుంది, మనసులో మాట దాచుకోలేని మనిషి.

"నా కవరు మొన్ననే వెళ్ళిపోయిందే. దోసె తిప్పుతున్నాను, రఘు పెన్ను చేతికిచ్చాడు, పెట్టేశాను. రెండో పక్క మాడిపోకుండా చూసుకోవాలి కదా!"

"ఎవరికి వేసినవ్?"

"ఎవరికి వేశానో రఘుని అడగాలి."

ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. ముందు నవ్వు ఆపింది ఉమే. కళ్ళు తుడుచుకుని, "అయినా మనకేం తెలుస్తుందే ఆ గొడవలు," అంది. ఆ మాట రేణు కూడా తనలో తాను నిన్నటి నుంచి పదిసార్లు అనుకుంది. వేరేవాళ్ళ నోట వినేసరికి మండింది.

తెలుసుకోవడం ఎలా? ఫోను తెరిస్తే చాలు, తెలియజెప్పేవాళ్ళకి కొదవ లేదు. ఒక గ్రూపులో ఫలానా వాళ్ళు గెలిస్తే మన వీసాలు గోవిందా అంటారు. ఇంకో గ్రూపులో ఫలానా వాళ్ళు గెలిస్తే మన పిల్లలు పాడైపోతారంటారు. నరసింహ రోజూ సాయంత్రం పాల గురించి అడిగినట్టు, "అయిందా?" అని అడుగుతాడు. కాలేదంటే, "నా షీట్ చూడరాదు, అన్నీ కాలమ్ వైజ్ ఉన్నయ్," అంటాడు. తన్వి తన ఫోన్లో వీడియోలు చూపిస్తుంది. అందరూ జవాబులే చెబుతారు. నాలుగు రోజులకి రేణు తల దిమ్మెక్కిపోయింది.

దారి స్కూల్లో దొరికింది. ఆమె చూసే పిల్లల్లో రెండో తరగతి పాప ఒకతి ఉంది. ఆ పాప పేరు రేణు ఇంట్లో కూడా చెప్పదు, ఉద్యోగ నియమం. కిందటేడు ఆ పాప ఉన్నట్టుండి చేతిలో ఏముంటే అది విసిరేది. మొండిఘటం అన్నారు, కోపిష్టి అన్నారు, తల్లే గారాబం చేసి చెడగొట్టిందన్నారు. టీచరు రేణు చేతికి పరిశీలన కాగితం ఇచ్చింది. అందులో మూడు గడులు. ముందేం జరిగింది, పాప ఏం చేసింది, తర్వాత ఏమైంది. ముఖ్యమైన రూలు: కంటితో చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. 'కోపం వచ్చింది' అని రాయడానికి లేదు, 'పెన్సిల్ విసిరింది' అని రాయాలి. పాప పేరు కూడా రాయకూడదు, దాని బదులు ఏదో ఒక అక్షరం రాయాలి. రేణు మూడు వారాలు రాసింది. పదిహేడుసార్లు విసిరితే పదిహేనుసార్లు మొదటి గడిలో ఒకటే ఉంది. పాప రాసుకుంటుంటే ఎవరో సాయం చేద్దామని వెనక నుంచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని రాయించారు. చెయ్యి పట్టుకోవడం మానేశారు. పాప విసరడం మానేసింది. ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో రేణుని నిలబెట్టి చప్పట్లు కొట్టించింది.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆ ఫైలు సర్దుతూ ఖాళీ పరిశీలన కాగితాలు చూసి, ఇదేదో నాకు చాతనైన పనే కదా అనుకుంది రేణు. ఇంటికొచ్చి తెల్ల కాగితం మీద అలాంటివే మూడు గడులు గీసుకుంది. ఒక అభ్యర్థి ఎ. ఇంకొకరు బి. పేర్లు లేవు, పార్టీలు లేవు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి వాదించుకున్న కార్యక్రమం రికార్డింగు పెట్టుకుని, ప్రశ్న ప్రశ్నకీ ఆపి రాయడం మొదలుపెట్టింది.

'ప్రశ్న: మందుల ధరలు. ఎ: నవ్వారు. నీళ్ళు తాగారు. అవతలివాళ్ళ తప్పు చెప్పారు. ధరల మాట రాలేదు.'

'అదే ప్రశ్న. బి: గబగబా రెండు పథకాల పేర్లు చెప్పారు. ఎప్పటిలోగా అని మళ్ళీ అడిగితే పై కప్పు చూశారు.'

'ప్రశ్న: ఉద్యోగం కోసం వచ్చి ఏళ్ళ తరబడి వరసలో ఉన్నవాళ్ళు. ఇద్దరూ సరిహద్దు గురించి మాట్లాడారు. వరసలో ఉన్నవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు.'

ఈ చివరిది రాసేటప్పుడు ఆమె పెన్ను కాగితాన్ని కొంచెం గట్టిగానే నొక్కింది. పన్నెండేళ్ళు వరసలో నిలబడ్డ మనిషి. అయినా అనుకున్నది రాయలేదు, చూసిందే రాసింది.

"టీవీ ముంగట పరీక్ష రాస్తున్నవా?" అని నరసింహ వెనక నుంచి తొంగి చూశాడు. గడులు కనబడేసరికి ఆయనలోని ఫారం మనిషి మేల్కొన్నాడు. "నాలుగో కాలమ్ ఉండాలే. మార్కులు. లేకపోతే టోటల్ ఎట్ల ఏస్తవ్?"

"టోటల్ వెయ్యను."

"మరెట్ల డిసైడ్ చేస్తవ్?"

"చూస్త చూస్త ఉంటే తెలుస్తది. పిల్లల దగ్గర అట్లనే తెలుస్తది."

ఆయనకి అది నచ్చలేదు. అయినా ఈసారి షీట్ సంగతి ఎత్తలేదు. వెళ్ళిపోతూ టీవీ సౌండు తగ్గించబోయి, తగ్గించకుండా వెళ్ళాడు.

పది రోజుల్లో పదకొండు కాగితాలు నిండాయి. సభల్లో ప్రసంగాలు చూసింది, విలేకరులతో ముఖాముఖీలు చూసింది, ప్రభుత్వం పంపిన ఓటరు పుస్తకం పెన్సిల్‌తో గీతలు గీస్తూ చదివింది. రెండో వారానికి తనకే వింతగా అనిపించిన సంగతేమిటంటే, భయం పోయింది. ఇది పెద్ద పెద్దవాళ్ళకి తెలిసిన బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఇద్దరు మనుషులు మాట్లాడుతున్నారు, ఏ మాట దగ్గర తడబడుతున్నారో, ఏ మాట దగ్గర నిలబడుతున్నారో చూడటమే. చూడటం ఆమెకి వచ్చు. ఆ పని చేసే ఆమె తొమ్మిదేళ్ళుగా అన్నం తింటోంది.

ఎన్నికల ముందు ఆదివారం కాగితాలన్నీ టేబుల్ మీద పరిచి మొదటి నుంచీ చదివింది. కూడికలు లేవు, మార్కులు లేవు. చదవడం అయ్యేసరికి ఆమెకి తెలిసిపోయింది. ఇద్దరిలోనూ లోపాలున్నాయి, చాలానే ఉన్నాయి. అయినా ఒకరికి వేయగలదు, రెండోవారికి వేయలేదు. ఎందుకని ఎవరైనా నిలదీస్తే నాలుగు కారణాలు చెప్పగలదు, అవి గ్రూపులో వచ్చినవి కావు. ఆమెకి కడుపు నిండా తిన్నట్టు హాయిగా అనిపించింది. లేచి, అరటిపళ్ళ పక్కన ఉన్న కవరు తెచ్చి, అందులోని ఓటు కాగితం మొదటిసారి బయటికి తీసి చూసింది.

నరసింహ నింపిన గుండ్రం ఆ మనిషి పేరు పక్కనే ఉంది.

రేణు ఆ గుండ్రాన్నీ, పక్కనున్న పేరునీ మళ్ళీ చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. తన్వి మేడ మీద నుంచి "వాట్ హాపెండ్?" అని అరిచింది. ఏమీ లేదంది. మూడు వారాలు, పదకొండు కాగితాలు, ఇంట్లో అంత బిగుసుకుపోయిన గాలి, తీరా చూస్తే తేలింది ఇది. ఇప్పుడు చేయాల్సిందల్లా బాణం పక్కన ఒక సంతకం. కవరు మీద రాసున్న ప్రమాణం కూడా అబద్ధం కాదు, ఓటరు ఆమే, ఎంపిక ఆమెదే. బ్యాలెట్ డబ్బా స్కూలుకి వెళ్ళే దారిలోనే ఉంది, కారు దిగి పది అడుగులు. ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

పెన్ను మూత తీసింది. బాణం వైపు చూసింది. ఆ గుండ్రం వైపు చూసింది. ఎంత నున్నగా నింపాడు మహానుభావుడు! రెండో తరగతి పాప గుర్తొచ్చింది. వెనక నుంచి చెయ్యి పట్టుకుని రాయించినవాళ్ళు తప్పు అక్షరాలేమీ రాయించలేదు. అన్నీ సరైన అక్షరాలే. అయినా పాప పెన్సిల్ విసిరేసేది.

రేణు మూత పెట్టేసింది.

ఎన్నికల రోజు మంగళవారం, పొద్దున్నుంచీ వాన. స్కూలు అయ్యాక మూడున్నరకి, పోలింగ్ జరిగే కమ్యూనిటీ సెంటర్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది. ఈ వానలో ఇంటికొచ్చిన ఓటు కాగితం సంచిలో పెట్టుకుని మళ్ళీ ఓటు వేయడానికి లైన్లో నిలబడేది ఈ ఊళ్ళో తనొక్కతే అయి ఉంటుందనుకుంది. అరగంట నిలబడింది. గొడుగు నుంచి కారిన నీళ్ళు చెప్పులోకి వెళ్ళాయి. ముందున్న ఇద్దరూ ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటున్నారు. రేణుకి మాత్రం ఇరవై రెండేళ్ళ పిల్లలాగా గుండె కొట్టుకుంటోంది.

టేబుల్ దగ్గర తెల్లజుట్టు ముసలావిడ ఒకామె, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. రేణు ఇంటికొచ్చిన ఓటు కాగితం ఆవిడకి ఇచ్చి, ఇది వెనక్కి తీసుకుని కొత్తది ఇవ్వమని అడిగింది. అలా అడగొచ్చని ఓటరు పుస్తకంలో చదివింది.

"నింపడంలో ఏమైనా పొరపాటు జరిగిందా?" అని ఇంగ్లీషులో అడిగింది ఆవిడ.

"లేదు. చాలా నీటుగా నింపి ఉంది."

"మరి?"

"నా చేత్తో నింపుకోవాలి."

ముసలావిడ కళ్ళజోడు పైనుంచి రేణుని చూసింది. ఆ కాగితాన్ని మడిచి, రద్దు అని రాసి, పక్క కవర్లో పెట్టింది. "మొదటిసారా?" అంది మెల్లగా.

రేణుకి ఖమ్మం గుర్తొచ్చింది, ఆటో, బజ్జీలు. "అవును," అంది, "మొదటిసారే."

వెంటనే ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడి, అంత చిన్న మనిషిలో అంత గొంతు ఎక్కడుందో గానీ, "మొదటిసారి ఓటరు!" అని హాలంతా వినబడేట్టు కేకేసింది. ఇక్కడ అదొక ఆనవాయితీ అని రేణుకి తెలియదు. టేబుళ్ళ దగ్గరవాళ్ళు చప్పట్లు కొట్టారు. లైన్లో ఉన్నవాళ్ళు ఫోన్లు జేబులో పెట్టి చప్పట్లు కొట్టారు. తడిసిన చెప్పులతో, మెడలో స్కూలు బ్యాడ్జీతో నిలబడ్డ రేణుకి కళ్ళు మసకబారాయి. ఎక్కడ సంతకం పెట్టాలో ముసలావిడ వేలితో చూపించబోయింది. ఈలోపే రేణు పైనున్న రెండు వాక్యాలూ చదివి, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పొడుగ్గా రాసి కింద గీత గీసింది.

చాటుగా పెట్టిన బల్ల దగ్గర నలభై నిమిషాలు కూర్చుంది. ముందు అధ్యక్ష పదవి. నరసింహ నింపిన ఆ గుండ్రాన్నే నింపింది. ఆయనంత నున్నగా రాలేదు, ఒక పక్క అంచు దాటింది. ఆ దాటిన సిరా చూసి ఆమెకి ముద్దొచ్చింది. స్కూల్ బోర్డుకి మాత్రం ఆయన వేసినవాళ్ళకి వేయలేదు, వాళ్ళ సంగతి ఆమెకి ఆయనకంటే బాగా తెలుసు. రాష్ట్రం అడిగిన ప్రశ్నల్లో రెండు ఎంత చదివినా అర్థం కాలేదు, ఖాళీగా వదిలేసింది. తెలియనిది తెలియదని వదిలేసే హక్కు కూడా ఈ కాగితం మీద ఉంది కదా! బయటికొచ్చేసరికి వాన తగ్గింది. కార్లో కూర్చుని స్టార్ట్ చేయకుండా ఐదు నిమిషాలు ఊరికే నవ్వుకుంది. ఇంత గర్వం ఆమెకి తన్వి పుట్టిన రోజున కలిగింది, మళ్ళీ ఈ రోజు.

ఇంట్లో నరసింహ టీ పెట్టి ఉంచాడు. ఇది కూడా చరిత్రలో రాయాల్సిన సంగతే. గట్టు మీద అరటిపళ్ళ పక్కన కవరు లేదని ఆయన ఎప్పుడో గమనించాడు.

"ఏసినవా?"

"వేసిన."

"ఎవరికి?"

రేణు టీ ఒక గుక్క తాగింది. చక్కెర ఎక్కువైంది. బాగుందంది.

"నాకు చెప్పవా?"

"చెప్పను."

"నేను నీకు చెప్పిన గదా!"

"మీరు చెప్పలే. నా దాంట్లనే నింపిన్రు."

తన్వి పకపకా నవ్వింది. నరసింహ మొహం మాడ్చుకుని టీవీ ముందు కూర్చున్నాడు. ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారో అందరికీ తెలుసు, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. వారం రోజులు ఆయన ఎన్ని రకాలుగా కూపీ లాగాడో అదైతే చెప్పుకోవాలి. లెక్కింపు వస్తుంటే టీవీ వంక కాదు, రేణు మొహం వంక చూశాడు. పదకొండు కాగితాలూ దొరుకుతాయేమోనని తన్వి చేత వెతికించాడు. అవి దొరికాయి గానీ అందులో ఎ, బి తప్ప పేర్లు లేవు. ఏది ఎవరో పోల్చుకోవడానికి కూర్చుని రెండు గంటల రికార్డింగు మళ్ళీ చూశాడు. మూడో ప్రశ్న దగ్గర, "నిజమే, జవాబు చెప్పనే లేదు," అని తనలో తాను గొణుక్కోవడం రేణు వింది.

ఆ పై ఆదివారం వంటింట్లో పోపు వేస్తుంటే హాల్లోంచి ఆయన గొంతు వినబడింది. ఉమ మొగుడు రఘుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మీ ఇంట్లో రెండూ మనకే పడ్డాయి కదా అని రఘు అడిగినట్టున్నాడు.

"నాది పడ్డది. ఆమెది తెల్వదు," అంటున్నాడు నరసింహ. "లేదు భాయ్, నేను నింపలే. నింపిన గానీ తీసుకోలే. మూడు వారాలు కూసోని స్టడీ జేసింది, పేజీలకు పేజీలు రాసింది. వానల లైన్ల నిలబడి ఏసొచ్చింది. అందరు చప్పట్లు గొట్టిన్రంట. ఎవరికి ఏసిందో ఇంట్ల నాకే చెప్పది!"

ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన గొంతు, ఒక్క ఉత్తరం కూడా రాలేదు మా ఇంటికి అని పార్టీల్లో చెప్పే గొంతులాగే ఉంది. అవే ఎత్తులు, అదే రొమ్ము విరుపు. ఇరవై ఏళ్ళలో రేణు గురించి ఆయన ఆ గొంతుతో మాట్లాడటం ఆమె మొదటిసారి వింది.

గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. నాదీ అక్కడే పడిందండీ అని ఒక్క మాట అంటే ఆయనకి రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. నరసింహ వీపు చూసింది, ఫోను చెవికి ఆనించి అటూ ఇటూ తిరుగుతూ ఇంకా ఆమె సంగతే చెబుతున్నాడు.

రేణు వెనక్కి వెళ్ళి పోపులో కరివేపాకు వేసింది.